ముడి వేస్తే... గోడ నవ్వింది!

హాల్లో సోఫా వెనక గోడ బోసిగా ఉంటుంది. క్యాలెండరు తగిలిస్తే ఓ మూలకు సరిపోతుందంతే. ఫొటోలు వరసగా పెడదామంటే అద్దె ఇల్లు. మేకులు కొట్టొద్దని ఓనరుగారు ముందే చెప్పేశారు. పోనీ, షాపులో చూసిన దారాల వాల్ హ్యాంగింగ్ కొందామంటే ధర చూడగానే చెయ్యి వెనక్కొచ్చింది!

అలాంటప్పుడు ఒక్కసారి అటక మీదికి చూడండి. ఎప్పుడో స్వెట్టరు మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఊలు ఉండలు ఏ సంచిలోనో దొరుకుతాయి. వాటికి ఓ కర్ర, కత్తెర, కాస్త ఓపిక తోడైతే చాలు. ఒక్క మేకుతో గోడ నిండిపోతుంది.

'అబ్బే, మాకు అల్లికలు రావండీ' అంటారా? పిల్లకు జడ వేస్తారు కదా... మల్లెలు దండ కడతారు కదా... ఆ వేళ్లకు ఇదెంత పని!

మనకేం కొత్త కాదు

సూదీ మగ్గం లేకుండా, వేళ్లతోనే దారాన్ని ముడులు వేస్తూ అల్లడాన్ని మాక్రమే అంటారు. బట్ట చివర మిగిలిన పోగులు విడిపోకుండా అరబ్బు నేతగాళ్లు వాటిని ముడేసి కుచ్చులుగా వదిలేవారు. ఆ పేరుకు మూలం కూడా అరబ్బీ మాటేనని చెబుతారు. స్పెయిన్, ఇటలీల మీదుగా ఇది ఐరోపా అంతా పాకింది. నెలల తరబడి సముద్రం మీదే ఉండే నావికులు పొద్దుపోక ఇవే ముడులతో బెల్టులూ సంచులూ అల్లేవారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు ఇళ్లలో ఇదో పెద్ద సరదా. 1970ల్లో పాశ్చాత్య దేశాల్లో పూలకుండీలను వేలాడదీసే అల్లికలుగా ఓ ఊపు ఊపి, తర్వాత మరుగున పడింది. 2010 తర్వాత మళ్లీ గోడలెక్కింది.

ఇంతకీ మన చీర కొంగుకు వేసే కుచ్చులేమిటి? అరబ్బు నేతగాళ్లు చేసిన పనే! పాలూ పెరుగూ పిల్లికి అందకుండా దూలానికి కట్టిన ఉట్టి ఏమిటి? కుండను పట్టుకునే తాళ్ల అల్లికే! పేరు కొత్తది కావచ్చు, పని మాత్రం మన అమ్మమ్మలకు తెలిసిందే. అందుకే ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్ల పక్కన కూర్చోండి. చూపు మందగించినా వేళ్లకు ముడి గుర్తుంటుంది.

తొలి ప్రయత్నం... కుచ్చుల తెర

మొదటిసారికి ఒక్క ముడి వస్తే చాలు.

అడుగున్నర పొడవున్న కర్ర తీసుకోండి. వెదురు బద్దయినా, పాత కర్టెన్ రాడ్డు ముక్కయినా, బెరడు తీసి ఆరబెట్టిన కొమ్మయినా ఫరవాలేదు. రెండు చివరలా దారం కట్టి కిటికీ ఊచకు వేలాడదీయండి. ఒళ్లో పెట్టుకుని చేస్తే మెడనొప్పి ఖాయం.

రెండడుగుల పొడవున్న అట్టముక్కకు ఊలును 72 చుట్లు చుట్టి, ఒక చివర మాత్రమే కత్తిరించండి. ఒక్కోటీ నాలుగడుగుల చొప్పున 72 పోగులు వస్తాయి. మొత్తం 288 అడుగులు, అంటే దాదాపు 88 మీటర్లు. కొత్త ఊలు కొనేటట్లయితే ఉండ మీది కాగితంపై మీటర్ల లెక్క చూసి తీసుకోండి.

మూడేసి పోగులను కలిపి సగానికి మడవండి. మడత కొసను కర్ర వెనక పెట్టి, రెండు తోకల్నీ ముందువైపు నుంచి ఆ మడతలోకి దూర్చి కిందికి లాగండి. అంతే! ఇలాంటివి 24 ముడులు పక్కపక్కనే వేస్తే సుమారు అడుగు వెడల్పు తెర తయారవుతుంది. ఊలు సన్నదైతే నాలుగేసి పోగులు కలపండి. అటూ ఇటూ ఎనిమిదేసి ముడులు ఒక రంగు, మధ్యలో ఎనిమిది మరో రంగు వేస్తే ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు దాన్ని గోడకు తగిలించి, దువ్వెనతో పోగుల్ని సర్దండి. మధ్యలో పొడవుగా, పక్కలకు పొట్టిగా వచ్చేలా ఏటవాలుగా కత్తిరించండి. ఒక్క వేటున కోసేయకుండా అంగుళం అంగుళం తగ్గించుకుంటూ రండి. తక్కువ కోస్తే మళ్లీ కోయొచ్చు, ఎక్కువ కోస్తే అతికించలేం కదా!

చెయ్యి తిరిగాక...

తర్వాత నేర్చుకోవాల్సింది స్క్వేర్ నాట్. దీనికి ఊలుకంటే మెలితిప్పిన నూలు తాడు నయం. ఊలు సాగుతుంది, ముడి స్పష్టంగా కనబడదు. పురికొసతో చేసినా బాగుంటుంది కానీ పీచు రాలుతుంది.

కర్రకు వేలాడుతున్న నాలుగు పోగులు తీసుకోండి. మధ్య రెండూ కదలకూడదు. ఎడమ పోగును వాటి మీదుగా కుడికి పరచండి. కుడి పోగును దాని మీద వేసి, మధ్య పోగుల వెనక నుంచి ఎడమకు తెచ్చి, అక్కడి సందులోంచి ముందుకు లాగండి. రెండు కొసల్నీ సమంగా బిగిస్తే సగం ముడి. ఇదే పనిని ఈసారి కుడివైపు నుంచి మొదలుపెట్టి చేస్తే ముడి పూర్తి.

కింది వరసలో ఒక ముడి నుంచి రెండు పోగులు, పక్క ముడి నుంచి రెండు పోగులు కలిపి ముడేస్తూ పోతే వల అల్లినట్టు వస్తుంది. మరచిపోయి ప్రతిసారీ ఎడమవైపు నుంచే మొదలుపెట్టారనుకోండి... కంగారు పడకండి. అల్లిక దానంతటదే మెలి తిరుగుతూ చక్కని స్క్రూలా దిగుతుంది. ఈ పనిలో పొరపాటు కూడా ఓ డిజైనే!

అసలు చిక్కెక్కడంటే...

చాలామంది మధ్యలో వదిలేసేది ముడి రాక కాదు, తాడు చాలక. ముడి తాడును మింగేస్తుంది. అల్లిక ఎంత పొడవు రావాలో దానికి నాలుగింతలు వేలాడాలి. సగానికి మడిచి వేస్తాం కాబట్టి కత్తిరించేటప్పుడు ఎనిమిదింతలు ఉండాలి. రెండడుగుల అల్లిక కావాలంటే ఒక్కో తాడు 16 అడుగులన్నమాట. ముడులు దగ్గరగా వేసేకొద్దీ ఇంకా పడుతుంది. ముందు నాలుగు పోగులతో చిన్న నమూనా వేసి చూసుకుంటే మోసపోరు.

బిగింపు కూడా ఒక్కలా ఉండాలి. కోపంలో ఒక వరస, టీవీ చూస్తూ ఒక వరస వేస్తే ఆ తేడా గోడ మీద కనబడిపోతుంది!

ఇవి మరవకండి

పూజామందిరం పక్కన, గ్యాస్ పొయ్యి దగ్గర తగిలించొద్దు. నూలు ఇట్టే అంటుకుంటుంది, యాక్రిలిక్ ఊలు కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఉయ్యాల పైన, పసిపిల్లల చేతికందే చోట అసలే వద్దు. పొడవాటి పోగులు మెడకు చుట్టుకునే ప్రమాదముంది. నేరుగా ఎండపడే గోడైతే రంగు వెలుస్తుంది. నెలకోసారి బయటికి తీసుకెళ్లి దులిపితే దుమ్ము పట్టదు. పోగులు వంకర్లు పోతే కాస్త దూరం నుంచి ఆవిరి పట్టించండి. యాక్రిలిక్‌కు ఇస్త్రీపెట్టె తగలనీయొద్దు.

ఖరీదు కట్టేముందు...

ఇంటికొచ్చిన వాళ్లెవరో 'భలే ఉందే, మాకూ ఒకటి చేసిపెట్టవూ' అంటారు. 'ఎంతివ్వమంటావ్?' అంటే మాత్రం నోరు పెగలదు. 'ఊలుకైన డబ్బులివ్వు చాలు, తీరిగ్గా కూర్చుని చేసిందే కదా' అనేస్తాం.

ఈ 'తీరిక' మాట వెనక పెద్ద కథే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం ప్రాంతంలో ఆడవాళ్లు తరతరాలుగా క్రోషే సూదితో లేసు అల్లుతున్నారు. ఆ లేసు సముద్రాలు దాటి అమ్ముడయ్యేది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ వాళ్ల మధ్య పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. ఆమె చూపించింది ఒక్కటే. రోజంతా లేసు అల్లేవారిని కూడా అందరూ 'ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే గృహిణులు' అనే అనుకున్నారు. ఆ అనుకోవడంవల్లే కూలి అంత తక్కువైంది.

ఇంట్లో కూర్చుని చేసినంత మాత్రాన గంటలు గంటలు కాకుండా పోవు. అందుకే మొదటి అల్లిక నుంచే ఓ చిన్న పుస్తకంలో రాసుకోండి... ఊలు ఎంతైంది, కర్ర ఎంతైంది, ఎన్ని గంటలు పట్టింది. అమ్మినప్పుడు ఆ గంటలకూ లెక్క కట్టండి. చెల్లెలికో స్నేహితురాలికో ఉచితంగా ఇవ్వాలనిపిస్తే హాయిగా ఇవ్వండి. అప్పుడది కానుక. ఎంత విలువైందో ఇచ్చేవారికీ తెలుస్తుంది, పుచ్చుకునేవారికీ తెలుస్తుంది.

ఇక ఆలస్యమెందుకు... అటకెక్కి ఆ సంచి దించండి మరి!