బాపు కత్తికి మిషనెందుకు?

బాపు పోయాక అమ్మ నా చేతిలో పెట్టినవి ఆయన శబ్దరత్నాకరం, గడ్డం గీసుకునే రెండు మడత కత్తులు. శబ్దరత్నాకరం కోసం మా ఇంట్లో ఎవరూ పోట్లాడలేదు. గొడవంతా కత్తులతోనే.

చూపు మందగించి బాపు గీసుకోవడం మానేసినప్పటినుంచీ అవి ట్రంకుపెట్టె అడుగున ఉండిపోయి తుప్పుపట్టాయి. మా ఆయన చూసి, "గ్రైండర్ మీద పెడితే రెండు నిమిషాల పని" అని ఒకదాన్ని తీసుకుపోయి పట్టించుకొచ్చారు. తుప్పు పోయింది, మెరుపూ వచ్చింది. కానీ అంచు పొడవునా నెమలి మెడ రంగు. నూరితే పదును వచ్చినట్టే వచ్చి, రెండు గీతలకే మొద్దుబారింది.

అరిసెల పాకం పట్టినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ఒక్క నిమిషం ఎక్కువైతే ముదిరిన పాకం మళ్లీ వెనక్కి రాదు. ఉక్కూ అంతే. 200 డిగ్రీలు దాటాక గడ్డి రంగు, 300 దగ్గర నీలం. ఆ నీలం కనిపించిందంటే కత్తికి పెట్టిన గట్టిదనం పోయినట్టే. అంచు కాగితమంత పలచన, అది వేడెక్కడానికి రెండు క్షణాలు చాలు. నాలుగంగుళాల గ్రైండరేమో నిమిషానికి పదివేల చుట్లు పైనే తిరుగుతుంది.

రెండో కత్తి నేనే చూసుకుంటానని పట్టుబట్టి జనగామ పోయాను. షాపులో, "సారును పంపుండ్రి అమ్మా, గవి మీకు తెల్వయి" అన్నారు. ఇరవై ఏళ్లుగా మిక్సీ, కుట్టుమిషన్, కత్తిపీట నడుపుతున్న మనకు తెలియదట! అయినా అన్నీ దింపించి చూశాను.

చెక్కను నున్నగా చేసే ఆర్బిటల్ శాండర్ చూడ్డానికి నెమ్మదైనదే. కానీ దాని అడుగు బల్లపరుపు. మంగలికత్తి పక్కలు లోపలికి గుంటగా ఉంటాయి. కాబట్టి అది కత్తి వీపునూ అంచునూ తినేస్తుంది, నడుమ తుప్పు అట్లాగే ఉంటుంది. వీపుదేముంది అనుకోకండి. సానరాయి మీద కత్తిని పడుకోబెట్టినప్పుడు వీపూ అంచూ రెండూ రాయికి ఆనాలి, పదును కోణాన్ని నిలిపేది ఆ వీపే. బెల్టు శాండర్ చెయ్యి తిరిగిన పనివాళ్లది. ఇక చేతిలో ఇమిడే చిన్న రోటరీ మిషన్ నాకూ ముద్దొచ్చింది. వేగం తగ్గించుకోవచ్చు, పిడి దగ్గరి సందుల్లో పనికొస్తుంది. అంచు దగ్గర మాత్రం వద్దు. తిరిగే గుడ్డచక్రం అంచును పట్టిందంటే కత్తిని విసిరికొడుతుంది.

"పెంబర్తిలో మిషన్ మీదే కదా మెరుగు పెడతారు" అన్నారు మా ఆయన. పెంబర్తి మనకు పక్కూరే, ఆ పనితనమంటే నాకు గర్వమే. కానీ అది ఇత్తడి. దేవుడి దీపం గడ్డం గీయక్కర్లేదు కదా!

చివరికి కొన్నది వాటర్ పేపర్లే. 400, 800, 1500, 2000 నంబర్లు. కత్తిని చెక్క మీద టేపుతో అంటించి, అంచు మీద ఇంకో టేపు వేసి, పాత హవాయి చెప్పు ముక్కకు కాగితం చుట్టి నీళ్లతో రుద్దాను. వీపునుంచి అంచువైపు తోయకుండా, పొడవునా. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. మూడోనాడు తుప్పు కింద అక్షరాలు బయటపడ్డాయి: సోలింగెన్. జర్మనీలో కత్తులకు పేరుమోసిన ఊరది. మొదటి కత్తి మీద ఏం రాసుందో ఇప్పుడెవరికీ తెలియదు.

తుప్పు తిన్న చిన్న గుంటలు కొన్ని మిగిలాయి. అవి పోవాలంటే ఉక్కు పోవాలి, అందుకే వదిలేశాను. అన్నీ కొత్తవాటిలా మెరవాలనే పట్టుదల మనకెందుకో!

నూరడం నాకు రాదు. మా ఊళ్లో ఇప్పటికీ తోలుపట్టీ వాడే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కత్తిని వెలుతురుకు పట్టి, "వీపు చెడకుండ ఎవలు రుద్దిండ్రమ్మా?" అన్నారు. మా ఆయన పక్కనే ఉన్నారు. నేనేమీ అనలేదు.

ఇప్పుడది కుట్టుమిషన్ నూనె రాసుకుని శబ్దరత్నాకరం పక్కన ఉంది. నీలం కత్తీ అక్కడే ఉంది.