ఒకే కప్పు కింద రెండు నెట్‌వర్కులు

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఊరు, విరుదునగర్ వ్యాపారుల ఊరు. ఈ రెండు ఊళ్ల చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. రచయిత కి. రాజనారాయణన్ పుట్టిన ఇడైసెవల్ కోవిల్‌పట్టి దగ్గరిదే, ఆయన ఇంటి భాష తెలుగే. ఈ ఇళ్లలో ఇప్పుడు ఇంటర్నెట్ లేదనలేం. ఉన్నదే రెండుగా చీలి ఉంది.

కింద పెద్దల గదిలో వైరుతో నడిచే కంప్యూటరు, ప్రింటరు. మేడ మీద పిల్లల వైఫై. స్కాలర్‌షిప్ దరఖాస్తు పైన ఫోనులో నింపుతారు, కింద ఉన్న ప్రింటరు ఆ ఫోనుకు కనిపించదు. ఆఖరి తేదీన తల్లి పని మానుకుని, బిడ్డను వెంటబెట్టుకుని బ్రౌజింగ్ సెంటరులో వరుసలో నిలబడుతుంది. అగ్గిపెట్టెల కూలిలో ఒక పూట పోయినట్టే. కొత్త మెష్ సెట్టు కొనమని దుకాణంవాళ్లు చెబుతారు. అక్కర్లేదని మేమంటాం.

చిక్కంతా రెండో రౌటరు వాన్ పోర్టులో వైరు పెట్టడంతో వస్తుంది. అప్పుడది తన కింద ఇంకో నెట్‌వర్కు నడుపుతుంది. ముందు దాని సెట్టింగుల్లోకి వెళ్లి అడ్రసు మార్చండి. మొదటి రౌటరుది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. డీహెచ్‌సీపీ ఆపేయండి. తర్వాత వైరును వాన్‌లోంచి తీసి లాన్ పోర్టులో పెట్టండి. అంతే, రెండూ ఒకటే నెట్‌వర్కు. మూలన పడేసిన పాత రౌటరైనా చాలు. ఖర్చు క్యాట్ 5ఈ కేబులుకే, అది 100 మీటర్ల దాకా పనిచేస్తుంది.

ఇది సాంకేతిక ముచ్చట కదా, న్యాయంతో పనేమిటని కొందరు అడిగారు. 2019లో ఫహీమా షిరీన్ కేసులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ వాడుకునే హక్కు చదువు హక్కులో భాగమని చెప్పింది. ఆమె హాస్టల్లో ఫోను వాడకంపై ఆంక్షలను ప్రశ్నించిన విద్యార్థిని. తీర్పు వచ్చినా మేడ మీదికి వైరు వేయాల్సింది మనమే. మధ్యగోడ పడిపోయిందని ఆదివారం ప్రసంగిస్తాం, పాస్టరుగారి గదిలోని కనెక్షన్ మాత్రం పక్కనే ఉన్న ట్యూషన్ గదికి చేరదు!

యువజన సంఘాల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక శనివారం సాయంత్రం ఈ పనికి ఇవ్వండి. ఒక్క జాగ్రత్త: ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి గాలిలో రాగి కేబులు లాగకండి, పిడుగుపాటు ప్రమాదం. అక్కడ ఫైబరే వేయించండి.