‘ఇది గెలిస్తే అది’ పందెం.. మిగిలేది బుకీకే!

భీమవరం (మా విలేకరి): డెల్టాలో దాళ్వా కోతలు, ఐపీఎల్ క్రికెట్ పోటీలు ఇంచుమించు ఒకే రోజుల్లో వస్తాయి. ధాన్యం డబ్బు చేతికందే వేళకే సెల్‌ఫోన్లలో పందేల జోరు పెరుగుతుంది. సంక్రాంతి బరుల దగ్గర పై పందేలు కాసి అలవాటుపడిన వారికి ఇదేమీ కొత్తగా తోచదు. అయితే క్రికెట్ పందేలలో ఒక తీరును రైతు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాలి. ‘మొదటి పందెం గెలిస్తేనే రెండోది’ అనే షరతు పందెం అది. పైకి చూస్తే పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ. లెక్క కట్టి చూస్తే సంగతి వేరుగా ఉంది.

రెండు రకాలు

షరతు పందేలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో ఒక మ్యాచ్ మీద 100 రూపాయలు కాస్తారు. అది గెలిస్తే రెండో మ్యాచ్ మీద మరో 100 కాసినట్లు లెక్క. మొదటిది ఓడితే రెండో పందెం లేనట్లే.

రెండు మ్యాచ్‌లలోనూ జట్లు సమ ఉజ్జీలనీ, గెలిస్తే బుకీ 100కు 90 ఇస్తాడనీ అనుకుందాం. రెండూ గెలిస్తే లాభం 180. మొదటిది ఓడితే నష్టం 100. మొదటిది గెలిచి రెండోది ఓడితే ‘లెక్క సరికి సరి’ అనుకుంటారు చాలామంది. కానీ వచ్చింది 90, పోయింది 100. అక్కడా 10 రూపాయల నష్టమే. ఇక మొదటిది ఓడి, రెండోది గెలిస్తే? ఆ గెలుపు మన ఖాతాలోకి రాదు. కాబట్టి ఏ మ్యాచ్ ముందు, ఏది వెనుక అన్న వరుస కూడా ముఖ్యమే.

సగటున నాలుగు సార్లకు చూస్తే రెండుసార్లు 100 చొప్పున పోతాయి, ఒకసారి 10 పోతాయి, ఒకసారి 180 వస్తాయి. మొత్తం మీద 30 రూపాయల నష్టం. విడివిడిగా కాస్తే నష్టం 40 అవుతుంది. ఈ తేడా షరతు మహిమ కాదు, కాసిన సొమ్ము తగ్గడం వల్ల వచ్చింది. ఎటు చూసినా కాసిన ప్రతి 100కు సగటున 5 రూపాయలు బుకీవే.

గొలుసు పందెం

రెండో రకం ఇంకా ప్రమాదకరం. ఇందులో గెలిచిన సొమ్మంతా, అసలుతో సహా, తర్వాతి మ్యాచ్ మీదకు వెళ్తుంది. ఐదు మ్యాచ్‌లు వరుసగా గెలిస్తే 100 రూపాయలు 2,476 అవుతాయి. కుర్రవాళ్లకు కనిపించేది ఈ అంకె ఒక్కటే.

సమ ఉజ్జీ జట్లయితే ఐదూ సరిగ్గా చెప్పే అవకాశం 32లో ఒకటి. 32 మంది తలో 100 కాశారనుకుందాం. పోగయ్యేది 3,200. సగటున గెలిచేది ఒక్కరు. అతనికి 2,476 ఇవ్వగా బుకీకి 724 మిగులుతుంది. అదే 32 మంది ఒక్క మ్యాచ్ మీదే కాస్తే గెలిచిన 16 మందికి 190 చొప్పున 3,040 ఇవ్వగా బుకీకి మిగిలేది 160 మాత్రమే. గొలుసుకు ఒక్కో కడియం చేరినకొద్దీ బుకీ వాటా పెరుగుతూ పోతుంది.

నాలుగు గెలిచి ఐదోది ఓడితే చేతికి సున్నా. నాలుగో మ్యాచ్‌తోనే గొలుసు ముగిసి ఉంటే 1,303 రూపాయలు దక్కేవి. ‘ఒక్కటి తప్పిందిగానీ’ అన్న ఈ ఆశే మర్నాడు అప్పు చేయిస్తుంది. గుర్రప్పందేలలో జాక్‌పాట్ కూడా వరుసగా కొన్ని పోటీల విజేతలను చెప్పమనేదే. అయితే గుర్రప్పందెం నైపుణ్యంతో కూడినదని సుప్రీంకోర్టు 1996లో తీర్పునిచ్చింది. క్రికెట్ పందేలకు ఆ రక్షణ లేదు.

తగువు వస్తే ఎవరికి చెప్పాలి?

వాన వల్ల మొదటి మ్యాచ్ రద్దయితే రెండో పందెం ఉన్నట్లా, లేనట్లా? ముందే తేల్చుకోకపోతే బుకీ చెప్పిందే వేదం. కోర్టుకు వెళ్లడానికి లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం దావా నిలవదు. పైగా 1974 నాటి గేమింగ్ చట్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలనూ దాని కిందకు తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి.

చట్టాలు ఉన్నా ఫోన్ ప్రతి జేబులోనూ ఉంది. కౌలు రైతు ఇంట్లో ధాన్యం డబ్బు పూర్తిగా అతనిది కాదు. అందులో భూమి యజమానికి చేరవలసిన కౌలు ఉంది, ఎరువుల కొట్టు బాకీ ఉంది, సార్వా పెట్టుబడి ఉంది. ఆ సొమ్ములోంచి తీసిన ‘ఒక్క వందే’ గొలుసుకు మొదటి కడియం అవుతుంది. పైన చెప్పినది గుణకారం, భాగహారం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యే లెక్కే. కోతలు మొదలయ్యేలోగా ప్రతి ఇంట్లోనూ పెద్దలు కుర్రవాళ్లను కూర్చోబెట్టి ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేయించడం మంచిది.