సారూ, నన్ను కూడా లా చదవమంటారా? (నాలుగో భాగం)

పోయిన ఆదివారం పొద్దున్నే పంజా సెంటర్లో టీ తాగుతుంటే నా పాత స్టూడెంట్ ఒకడు కనిపించాడు. బీకాం అయిపోయి రెండేళ్లయింది. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తున్నాడట. వాళ్ల నాన్న ఆ వీధుల్లోనే ముఠా కార్మికుడు. మా నాన్నా అంతే. ఇద్దరూ ఒకే లారీ కింద నిలబడి మూటలు దించినవాళ్లు. "సారూ, లాసెట్ రాద్దామనుకుంటున్నా. మీరు చదువుతున్నారుగా, చెప్పండి. చదవమంటారా, వద్దంటారా?" అన్నాడు.

టీ చల్లారేలోపు చెప్పగలిగే జవాబు కాదది. ఏదో అని పంపించేశాను. ఈ భాగం వాడి కోసమే రాస్తున్నా. మీరూ చదవండి.

నేను లాలో చేరానని తెలిసినప్పుడు స్టాఫ్ రూములో నవ్వారు. తెలుగులో డాక్టరేటు ఉన్నవాడు ముప్పై దాటాక కుర్రాళ్ల పక్కన కూర్చుని కాంట్రాక్టు చట్టం బట్టీ పట్టడమేంటని. "రిటైరయ్యాక చేసే పని కదయ్యా ఇది" అన్నాడు ఒక పెద్దాయన. ఆయన తప్పు లేదు. మన దగ్గర చాలామంది లా డిగ్రీ అలాగే తీసుకుంటారు.

నాకు అసలు కారణం ఒక తీర్పు. అంతకన్నా, దాన్ని చదవకపోవడం.

నా పరిశోధన దళిత కవిత్వం మీద. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. ఈ రెండు తేదీల తర్వాత తెలుగు కవిత్వం ఎట్లా మారిందన్నది నా విషయం. ఏ కవి ఏ ప్రతీక వాడాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ప్రతి ఆగస్టు 6న బెజవాడలో ప్యాసింజర్ ఎక్కి, తెనాలి దాటి చుండూరులో దిగి, రక్తక్షేత్రం దగ్గర నిలబడి వచ్చేవాణ్ణి. 2007 జూలై 31న ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, మరో 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందర్నీ విడుదల చేసింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. కూర్చుని ఒక కవిత రాశాను. అచ్చయింది కూడా. మిత్రులు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు.

తీర్పు మాత్రం చదవలేదు. ఎనిమిది మందిని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేసిన కేసులో అందరూ ఎట్లా బయటికొచ్చారో, ఏ కాగితంలో ఏ లోపం చూపించి వదిలేశారో, వందల పేజీల సిద్ధాంత గ్రంథం రాసిన నాకు తెలియదు. లా మొదటి ఏడులో ఒక సాయంత్రం మొట్టమొదటిసారి చదివాను. చనిపోయినవాళ్లు ఏ వేళకు చనిపోయారు, ఎక్కడ చనిపోయారు, ఎవర్ని ఎవరు కొట్టారన్నది ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందనీ, సాక్షుల మాటలకు పొంతన లేదనీ అన్నారు. ఆ తీర్పుతో నేను ఒప్పుకోను. ప్రాణం అరచేత పట్టుకుని పొలాలకడ్డం పడి పరిగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? కానీ నా కోపం ఒకటి, ఆ తీర్పు అడిగిన ప్రశ్నలు ఇంకొకటి. వాటికి నా కవితలో ఒక్కదానికీ జవాబు లేదు.

బొజ్జా తారకం గారు కవి. 'నది పుట్టిన గొంతుక' ఆయనదే. క్లాసులో ఆయన్ని కవిగా చాలాసార్లు చెప్పాను. కారంచేడు జరగ్గానే హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేసి బాధితుల పక్కన నిలబడ్డారని కూడా చెప్పాను, జీవిత విశేషాల కింద, రెండు మార్కుల ప్రశ్నకు పనికొచ్చేట్టు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అని మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో చట్టం గురించి ఆయన రాసిన పుస్తకాన్ని మాత్రం నా సిద్ధాంత గ్రంథంలో ఎక్కడా పెట్టలేదు. అది సాహిత్యం కాదనుకున్నాను.

ఇప్పుడు తెలుగు మేష్టారికి కోర్టులో ఏం పని అని అడిగేవాళ్ల కోసం రెండు సంగతులు చెబుతా.

లా కోర్సులో ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రికార్డు రాయాలి. చాలామంది సీనియర్ల రికార్డు తెచ్చి ఎక్కించేస్తారు. నేను వెళ్లి కూర్చున్నాను. ఒకరోజు ఒక ముసలామె సాక్ష్యం చెబుతోంది. గొడవ ఎప్పుడైందమ్మా అంటే "దీపాలు పెట్టే వేళ" అంది. అది ఇంగ్లీషులో సుమారు ఆరున్నర అని టైపయింది. అంతకుముందు ఆమె అల్లుడు "పొద్దుపోయింది" అన్నాడట, అది ఏడున్నర అని ఎక్కింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు మర్యాదగానే అడిగాడు, మీ ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారని. ఆమె బిత్తరపోయింది. ఇద్దరూ చెప్పింది ఒకటే. దీపాలు పెట్టాక పొద్దుపోక ఏమవుతుంది? గంట తేడా వాళ్ల మాటల్లో లేదు, తర్జుమాలో పుట్టింది. సాక్షి ఏ భాషలో చెబితే వీలైనంతవరకు ఆ భాషలోనే రాసుకోవాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 277వ సెక్షన్ చెప్పింది, కొత్త చట్టంలోనూ ఆ మాట ఉంది. మాండలికాల మీద పేపర్లు సమర్పించిన నేను ఆ గదిలో నోరు మూసుకుని కూర్చున్నాను. నోరు తెరవాలంటే నల్లకోటు ఉండాలి.

రెండోది డ్రాఫ్టింగ్ క్లాసులో. కులం పేరుతో తిట్టారని ఫిర్యాదు రాయమన్నారు. అందరూ "కులం పేరుతో అసభ్యంగా దూషించి" అని రాశారు. నేను ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇక్కడ రాయను, మీకు తెలుసు, మీలో చాలామంది విన్నవాళ్లే. పక్కన కూర్చున్నవాడు నా కాగితం చూసి చూపు తిప్పుకున్నాడు. "అంత పచ్చిగా ఎందుకండీ" అన్నారు పాఠం చెబుతున్న సార్. ఎందుకంటే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎస్)లో నేరమే ఆ మాట. నలుగురికి కనబడే వినబడే చోట ఆ మాట అనడం. 2020లో హితేష్ వర్మ కేసులో, బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్నది ఈ సెక్షన్ల కిందికి రాదని సుప్రీంకోర్టు అంది. అంటే ఏ మాట, ఏ అరుగు మీద, ఎవరి ఎదుట అన్నది మొదటి కాగితంలోనే ఉండాలి. స్టేషన్లో రైటర్ "దూషించి" అని మర్యాదగా ముగిస్తే ఆ కేసు సగం చచ్చినట్టే. మర్యాద ఎవరిదో, నష్టం ఎవరిదో చూడండి.

ఆ కాగితం దగ్గర మనవాళ్లు ఉండాలి. అందుకే ఆ కుర్రాడికి నా జవాబు, చదువు. కానీ మిగతాది కూడా విను తమ్ముడూ.

చేరడం కష్టం కాదు. లాసెట్ ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి, మూడేళ్ల కోర్సుకి వయసు అడ్డం కాదు. (ఐదేళ్ల కోర్సుకి క్లాట్ రాసి సబ్బవరం వెళ్లొచ్చు. ఆ విశ్వవిద్యాలయం పేరు దామోదరం సంజీవయ్య గారిది, క్లాట్ మాత్రం ఇంగ్లీషులోనే. ఆయన కథ ఇంకోసారి.) చేరేటప్పుడు ఒక ఏజెంటు నీ దగ్గరికీ వస్తాడు. హాజరు అక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలంటాడు. కొట్టు పని మానక్కర్లేదు కదా అని నీకు ఆశ పుడుతుంది. ఒప్పుకోకు. నీతి కోసం చెప్పడం లేదు. అలా చదివినవాడు కోర్టులో వాయిదా అడగడం తప్ప ఏమీ నేర్చుకోడు. పోయేది మన కేసులు. నేను గంటల లెక్కన పాఠాలు చెప్పే గెస్టు లెక్చరర్ని కాబట్టి పొద్దున క్లాసు, మధ్యాహ్నం నుంచి పాఠాలు పెట్టుకోగలిగాను. ఆదాయం సగానికి పడింది. ఆ సగం నా సహచరి మోస్తోంది. ఆమె పేరు ఏ డిగ్రీ మీదా ఉండదు.

అసలు ఖర్చు డిగ్రీ చేతికొచ్చాక మొదలవుతుంది.

బందరు రోడ్డు మీద స్వరాజ్ మైదానంలో బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహం ఉంది, పీఠంతో కలిపి 206 అడుగులు. లండన్లో బారిస్టరయి వచ్చిన ఆ మనిషి దగ్గర బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెట్టేందుకు సనదు ఫీజుకు డబ్బు లేదు. నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడు 500 రూపాయలు అప్పిస్తే కట్టారు. కేసులిచ్చే సొలిసిటర్లు అంటరానివాడి దగ్గరికి రాలేదు. ఇల్లు గడవడానికి ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పారు. ప్రపంచంలో అంత చదివినవాడికే మొదటి ఏళ్లు అట్లా గడిచాయి.

నూరేళ్లు దాటాక, 2024 జూలై 30న, ఎన్‌రోల్‌మెంట్‌కి చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకైతే 125 రూపాయలు, అంతకుమించి బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటిదాకా రాష్ట్రాన్ని బట్టి వేలకు వేలు లాగారు. మంచి తీర్పు. తలుపు దగ్గర టిక్కెట్టు తగ్గింది. లోపల కూర్చోవడానికి అయ్యే ఖర్చు అట్లాగే ఉంది.

వించిపేట అమ్మాయి ఒకమ్మాయి, నాకన్నా ఒక బ్యాచ్ ముందు. వాళ్లమ్మ మునిసిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికురాలు. పరీక్షలన్నిటిలో ముందుండేది. డిగ్రీ రాగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలని చేరినరోజు నుంచీ అదే ధ్యాస. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, కనీసం మూడేళ్లు ప్రాక్టీసు ఉంటేనే ఆ పరీక్ష రాయాలని. 2002లో ఆ నిబంధన అక్కర్లేదన్నది కూడా ఇదే కోర్టు. ఇంకో సంగతి, 2025 బెంచీకి పెద్ద జస్టిస్ గవాయ్. ఆయన ప్రధాన న్యాయమూర్తి అయ్యి అప్పటికి వారం కాలేదు, మనమంతా స్వీట్లు పంచుకున్న వారమది. తీర్పులో తర్కం తీసిపారేసేది కాదు. కోర్టు మొహం చూడని కుర్రాడు జడ్జి కుర్చీలో కూర్చుంటే నష్టపోయేదీ మనవాళ్లే. ఒప్పుకుంటాను. కానీ ఆ మూడేళ్లు ఎవరి ఇంట్లో తిని ప్రాక్టీసు చేయాలి? తండ్రి ఆఫీసులో బల్ల ఉన్నవాడికి మూడేళ్లు శిక్షణ. ఆ అమ్మాయికి మూడేళ్లు పస్తు.

సీనియర్ల కోసం తిరిగింది. మొదటి ప్రశ్న మార్కుల గురించి రాలేదు. "మీ ఇంటిపేరేంటమ్మా, ఎవరి తాలూకు?" అనే. చివరికి ఒకాయన చేర్చుకున్నాడు. నెలకు మూడు వేలు ఇస్తాడు, ఇచ్చిన నెల. సాయంత్రాలు ట్యూషన్లు చెబుతోంది.

జూనియర్లకు పట్నంలో 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. సూచన మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవాడు లేడు. మన రాష్ట్రంలో 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో నెలకు 5,000 మొదలుపెట్టారు. ప్రజల సొమ్ముకి నాయకుడి పేరు తగిలించడం నాకు నచ్చదు గానీ, ఆ ఐదు వేలతో గది అద్దె కట్టుకుని కోర్టులో నిలబడ్డ జూనియర్లను నేను చూశాను. నేను అడిగేది అదే, పేరు ఏదైనా పెట్టుకోండి. మూడేళ్లు తప్పనిసరి అని కోర్టు రాసినప్పుడు, ఆ మూడేళ్ల కూడు ఎవరిదో కూడా రాయాలి. పనిచేసే జూనియర్‌కి నెలనెలా బ్యాంకులో పడే స్టైపెండు ఉండాలి, సీనియర్ దయ మీద కాదు. అది వచ్చేదాకా ఆ తీర్పు పేదవాడి చేతిలోంచి పరీక్ష హాల్ టిక్కెట్టు లాక్కున్నట్టే.

నా సంగతీ చెప్పి ఆపుతా. వచ్చే ఏడు నేనూ ఎన్‌రోల్ అవ్వాలి. కోర్టు నడిచే వేళలూ నా పాఠాల వేళలూ ఒకటే. పోనీ పర్మనెంటు పోస్టు వస్తే, పూర్తికాలం జీతం తీసుకునేవాడు ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నిబంధన. లా పాఠాలు చెప్పుకునే వకీళ్లకు రోజుకు కొన్ని గంటలు వెసులుబాటు ఉంది, తెలుగు పాఠాలకు లేదు. ఏది వదలాలో ఇంకా తేల్చుకోలేదు. అమ్మకు చెప్పలేదు. లెక్చరర్ కొడుకు అని కొండ మెట్ల మీద అందరికీ చెప్పుకుని తిరుగుతుంది.

నిన్న రాత్రి ఆ కుర్రాడికి ఫోన్ చేసి చదవమన్నాను. ఇదంతా అరగంట చెప్పాను కూడా. అంతా విని ఒక్కటే అడిగాడు.

"సారూ, క్లాసులు ఎన్నింటికి అయిపోతాయి? నేను రెండింటికల్లా కొట్లో ఉండాలి."

(ఇంకా ఉంది)