పెట్టెలన్నీ ఒకే రకమైతే చాలునా?

లినక్స్ ఉన్న కంప్యూటర్ వాడటం మొదలుపెట్టిన పిల్లలు కొద్ది రోజులకే ఈ ప్రశ్న వేస్తారు: "మాస్టారూ, ఒకే ప్రోగ్రాముకు డెబ్ అని ఒక ప్యాకేజీ, ఆర్‌పీఎం అని ఇంకొకటి ఎందుకండీ? అందరూ కలిసి ఒక్కటే పెట్టుకోవచ్చు కదా?" పెద్దవాళ్ళలోనూ ఇలా వాదించేవారున్నారు. వారి చిరాకు నాకు అర్థమవుతుంది గాని, వారు తప్పు పెట్టేది అసలు దోషిని కాదు.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసినది కెర్నెల్ మాత్రమే. దానికి వేలాది ప్రోగ్రాములు చేర్చి, వాడుకకు సిద్ధంగా అందించే కూర్పునే డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో స్లాక్‌వేర్, డెబియన్ మొదలయ్యాయి. స్లాక్‌వేర్ ప్యాకేజీ ఫైళ్ళను కుదించి కట్టిన మూట వంటిది. ఇంకా ఏమేం కావాలో అది చెప్పదు, మనమే చూసుకోవాలి. డెబియన్ వారి డెబ్, రెడ్‌హ్యాట్ వారి ఆర్‌పీఎం ఆ సంగతి చెబుతాయి. ఉబుంటు, మన సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ డెబ్‌ను వాడతాయి. ఫెడోరా ఆర్‌పీఎంను వాడుతుంది.

ఒక డెబ్‌ను విప్పి చూడండి. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, విప్పితే చాలు. లోపల మూడే మూడు ఉంటాయి: పెట్టె ఏ రకందో చెప్పే చిన్న ఫైలు, అసలు సరుకు, కంట్రోల్ అనే చీటీ. నా దృష్టిలో ఈ మూడింటిలో చదవదగ్గది చీటీయే. ప్రోగ్రాము పేరు, వెర్షన్, దానికి కావలసిన లైబ్రరీలు అందులో రాసి ఉంటాయి. లైబ్రరీ అంటే పుస్తకాలయం కాదు సుమా! అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ అన్నమాట.

చిక్కంతా ఇక్కడే ఉంది. దాదాపు ప్రతి ప్రోగ్రాముకూ కావలసిన సీ లైబ్రరీని డెబియన్ లిబ్‌సీ6 అంటుంది, ఫెడోరా గ్లిబ్‌సీ అంటుంది. పైగా డెబియన్ స్థిరమైన కూర్పు సుమారు రెండేళ్ళకొకసారి వస్తుంది, ఫెడోరా దాదాపు ఆరు నెలలకొకసారి. కాబట్టి రెండింటిలోనూ ఉండే వెర్షన్లు వేరు. ఏలియన్ అనే సాధనం ఆర్‌పీఎంను డెబ్‌గా మార్చగలదు. పెట్టె మారుతుంది, లోపలి ప్రోగ్రాము ఎదురుచూసే లైబ్రరీ మాత్రం మారదు. అంతెందుకు, కొత్త ఉబుంటు కోసం చేసిన డెబ్ పాత డెబియన్‌లో మొరాయించవచ్చు. అక్కడ పెట్టె ఒకే రకం కదా!

"అయితే కావలసినవన్నీ ఒకే పెట్టెలో పెట్టేస్తే?" అంటారు మీరు. ఆప్‌ఇమేజ్ దాదాపు ఆ పనే చేస్తుంది. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ కూడా కొంత ఆ దారివే. సౌకర్యమే, కాదనను. కాని ఊరందరికీ ఒక బావి ఉంటే దాన్ని ఒకసారి శుభ్రం చేస్తే సరిపోతుంది. ఇంటికొక తొట్టె ఉంటే ఎవరి తొట్టె వారు కడుక్కోవాలి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. డిస్ట్రిబ్యూషన్లు ఆ ఒక్క ప్యాకేజీని సరిచేసి పంపాయి. దాన్ని పంచుకునే ప్రోగ్రాములను మళ్ళీ నడిపిస్తే చాలు, వాటికీ రక్షణ దొరికింది. లోపమున్న ప్రతిని తనలోనే దాచుకున్న ప్రోగ్రామును మాత్రం విడిగా మార్చవలసిందే.

అందుకే ఏ ప్రోగ్రాము కావాలన్నా ముందు మీ డిస్ట్రిబ్యూషన్ సొంత భాండాగారంలో వెదకమంటాను. డెబియన్, ఉబుంటులలో ఆప్ట్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ ఆ పని చేస్తాయి. చీటీ చదివి, కావలసినవన్నీ అవే తెచ్చుకుంటాయి. ఎక్కడో దొరికిన ప్యాకేజీని హెచ్చరిక వచ్చినా బలవంతంగా ఎక్కించకండి. బడిలో ఆ కంప్యూటర్ మీ ఒక్కరిదీ కాదు, తరువాతి పీరియడ్‌లో ఇంకొకరు దాని ముందు కూర్చోవాలి. హెచ్చరికను మూసేసే ముందు చదవండి, ఏ లైబ్రరీ లేదో పేరుతో సహా అందులోనే ఉంటుంది. ఆ పేరు మీ కూర్పులో వేరుగా ఉండవచ్చు: డెబియన్‌లో పైథాన్3-డెవ్, ఫెడోరాలో పైథాన్3-డెవెల్. ఇలాంటి జంటలు ఇంకెన్ని దొరుకుతాయో మీరే వెదకండి.