ఈసీజీ శిబిరానికి ముందు ఒక తెర కొనండి

కాస్త పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మళ్ళీ ఉచిత ఈసీజీ శిబిరం పెడదామని గ్రూపులో మాట వచ్చింది. పెట్టండి, సంతోషం. కానీ పోయినసారి లాగా అయితే మాత్రం వద్దంటున్నాం.

పోయినసారి హాల్లో తెర లేదు. మంచం పక్కనే వరుస. మా ఇంటావిడ పైట జరపడానికి సిగ్గుపడింది. ఆ కుర్రవాడు మాత్రం ఏం చేస్తాడు? జాకెట్టుకు పైన ఎక్కడ చోటుంటే అక్కడ అంటించాడు. మెషీన్ తనంతట తానే "పాత గుండెపోటు కావచ్చు" అని అచ్చు కొట్టింది. మూడు రాత్రులు మా ఇద్దరికీ నిద్ర లేదు. తర్వాత ఆసుపత్రిలో తెర వేసి, నర్సమ్మ ఎముకలు లెక్కపెట్టి మళ్ళీ తీసింది. ఏమీ లేదన్నారు.

ఆమెనే అడిగి తెలుసుకున్నాం. మొత్తం పది తీగలు. చేతులకు, కాళ్ళకు నాలుగు, ఛాతీకి ఆరు. గొంతు గుంట నుంచి వేలు కిందికి దించితే రొమ్ము ఎముక మీద చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కది రెండో పక్కటెముక. అక్కణ్ణించి లెక్కపెట్టుకుంటూ నాలుగో సందుకు రావాలి. ఎముకకు కుడిపక్క వి1, ఎడమపక్క వి2. ఎడమ కాలర్ ఎముక నడిమి నుంచి సూటిగా కిందికి, ఐదో సందులో వి4. వి2కీ వి4కీ మధ్య వి3. వి4 వరుసలోనే చంక ముందంచు కింద వి5, చంక నడిమి కింద వి6. ఛాతీ మీద ఈ చోట్లను 1938లోనే అమెరికా, బ్రిటన్ గుండె వైద్యుల సంఘాలు కలిసి ఖాయం చేశాయి. వి1, వి2 పైకి పోతే లేని జబ్బు కనబడొచ్చు. తీగలు చోటు తప్పితే ఉన్న జబ్బు దాగిపోనూ వచ్చు.

మన స్టేషన్ ఉన్నది కాడుగోడిలో, బోర్డు మీద పేరు వైట్‌ఫీల్డ్. ఊరివాళ్ళం కాబట్టి మనకు తికమక లేదు. మెషీన్‌కు ఆ తెలివి లేదు. తీగ ఎక్కడున్నా కాగితం మీద వి1 అనే కొడుతుంది. డాక్టరు ఆ పేరును నమ్మే చదవాలి.

"ఇంతమందికి అంత టైమెక్కడ?" అని కమిటీవారు అడగొచ్చు. అయితే తక్కువమందికే తీయండి. నూరు తప్పు కాగితాల కన్నా ముప్పై సరైనవి మేలు. ఫొటోలో జనం తక్కువ కనిపిస్తే ఏం పోయింది?

మేం అడిగేవి మూడే. ఒకటి, చుట్టూ తెర. రెండు, ఆడవాళ్ళకు ఆడమనిషే తీయాలి. మూడు, మెషీన్ రాసినదాన్ని అలాగే చేతికివ్వకుండా డాక్టరు చూసి చెప్పాలి. ఆడవాళ్ళు కూడా ముందు బటన్లున్న వదులు జాకెట్టు వేసుకురండి. సిగ్గుతో వెనక్కి వెళ్ళిపోకండి.

ఇంకో మాట. ఛాతీలో నొప్పి, చెమట, ఆయాసం ఉంటే శిబిరం దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోండి. అక్కడ పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది పద్ధతి. మొన్నటి కాగితం బాగుందని ఇవాళ్టి నొప్పిని తోసెయ్యకండి.

తెర ఖర్చు మేమిస్తాం. కమిటీవారు ఊఁ అంటే చాలు.