కడలి చెత్తకు బడ్జెట్‌లో పద్దేదీ?

2022 ఆగస్టు 26న విశాఖ తీరంలో ఒక్కరోజులో 76 టన్నుల ప్లాస్టిక్ ఏరినట్లు నాటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. వేలమంది ఇసుకలోకి దిగారు, మూటలు కట్టారు, ఫొటోలూ దిగారు. ఆ 76 టన్నుల్లో సందర్శకులు పారేసిందెంత, గెడ్డలు మోసుకొచ్చిందెంత, అలలు ఒడ్డుకు నెట్టిందెంత? నీళ్ల ప్యాకెట్లెన్ని, తెగిన వలలెన్ని? మూటలు కాటాకెత్తితే బరువు తేలుతుందే గానీ, ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. జవాబు లేనప్పుడు వచ్చే వానకు గెడ్డ పొంగగానే అదే చెత్త అదే ఒడ్డుకు చేరుతుంది.

ఎంచుకున్న వంద మీటర్ల తీరాన్ని ఏటా కొన్నిసార్లు, ఒకే పద్ధతిలో ఏరి, రకాలవారీగా లెక్కరాయడమే పర్యవేక్షణ. చప్పటి పని. రిబ్బను కత్తిరించే వీలుండదు కాబట్టే కాబోలు, దానికి నిధులంటే నాయకులకు మనసొప్పదు. చేయగలవారు లేరా అంటే, విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రానికి ఇలాంటి సర్వేల్లో అనుభవముంది. లేనిదల్లా ఏటేటా ఆగకుండా వచ్చే సొమ్ము. ప్రాజెక్టు గడువుతోపాటే లెక్కా ఆగిపోతే, చెత్త పెరిగిందో తగ్గిందో చెప్పేదెవరు?

అసలు నేలమీదే ఆపాలి, సముద్రాన్ని కడగడం దండగ అనే వాదన ఉంది. ఆపాల్సింది నేలమీదేనన్నది నిజమే. కానీ 2022 జులై 1 నుంచి కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై దేశమంతటా అమల్లో ఉన్న నిషేధం పనిచేస్తోందో లేదో తీరంలో లెక్కపెడితేనే కదా తెలిసేది! పైగా ఇప్పటికే నీటిలో ఉన్నది ఎండకూ అలలకూ నలిగి పొడైపోతే, ఇక ఏ యంత్రమూ దాన్ని ఏరలేదు.

ఏరివేతకు కేరళ 2017లోనే దారి చూపింది. కొల్లం దగ్గరి నీండకరలో మత్స్యకారులు వలలో పడ్డ ప్లాస్టిక్‌ను తిరిగి నీట విసరకుండా సంచుల్లో రేవుకు తెచ్చారు. అక్కడ మహిళలు కూలికి దాన్ని వేరుచేసి కడిగితే, పొడి చేసి రోడ్ల తారులో కలిపారు. మన రేవుల్లో ఆ సంచి దించుకునే చోటేది? పోటు మీదున్న వేటలో చేపల మధ్య నుంచి చెప్పులు, థర్మోకోల్ ముక్కలు, నైలాను చిక్కులు ఏరుతూ కూర్చుంటే పోయేది మత్స్యకారుడి సమయమే. తెచ్చిన ప్రతి కిలోకూ ధర కట్టాలి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో, ఇస్తున్న రూ.20 వేల భృతిలో పైసా కోయకుండా, విడిగా దినకూలి ఇచ్చి మొగలూ రేవులూ శుభ్రం చేయించాలి.

డబ్బెక్కడిది? ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించాల్సిన బాధ్యతను చట్టం కంపెనీలపైనే పెట్టింది. లక్ష్యం తప్పినవారి నుంచి పర్యావరణ పరిహారం వసూలు చేయవచ్చు. ఆ సొమ్ములో తీరానికి వాటా రాయాలి. మిగతాది రాష్ట్ర ఖజానా భరించాలి. కొత్త కొలత ప్రకారం 1,053 కిలోమీటర్లున్న తీరాన్ని ఆదాయం లేని పంచాయతీల నెత్తిన పెడితే కుదరదు. వచ్చే బడ్జెట్‌లోనే దీనికి విడి పద్దు తెరవాలి. అందులో మొదటి కేటాయింపు పర్యవేక్షణకే దక్కాలి. ఏ గెడ్డ మొగలో ఎంత చెత్త దొరికిందో వార్డులవారీగా ప్రకటించాలి, ఆ వార్డు కార్పొరేటర్ పేరుతో సహా.